బండి సామానుల దొంగతనము: పెరిగిన శిక్షలు, పంచాయతీ సభ్యుల విధి

తొలకరి చినుకు పడిన మరునాటి ఉదయము. రైతు చీకటితోనే లేచి, గొర్రు తగిలించియుంచిన ట్రాక్టరు నెక్కి తాళము త్రిప్పును. ఇంజను పలుకదు. దిగి చూడగా బ్యాటరీ ఉండవలసిన పెట్టె ఖాళీగా నుండును. తీగలు కత్తితో కోసియుండును. క్రొత్త బ్యాటరీకి వేలు పోయవలయును, దానికొరకు పట్టణమునకు పోవలయును, తెచ్చి బిగించునప్పటికి నేలలో పదును ఆరిపోవును. దొంగకు మాత్రము దానివలన దక్కునది సీసము తూకమునకు వచ్చు కొద్దిపాటి సొమ్మే. పోగొట్టుకొన్నవాని నష్టమునకును, ఎత్తుకొనిపోయినవాని లాభమునకును ఇంతటి వ్యత్యాసముండుట ఈ దొంగతనమునకు గల ప్రత్యేక లక్షణము. బండిని బండిగా దొంగిలించినవాడు దానిని నడిపించుకొనవచ్చును. సామాను విప్పుకొని పోయినవాడు తనకు రూపాయి సంపాదించుకొనుటకై ఇతరునికి పది రూపాయల నష్టము కలిగించును.

ఏయే సామానులు పోవుచున్నవో గ్రామమున నున్నవారికి చెప్పనక్కరలేదు. బ్యాటరీ, స్టెపినీ చక్రము, ట్రాలీ టైర్లు, జాకీ, పనిముట్ల పెట్టె, ట్యాంకులోని డీజిలు, ఆటోల బ్యాటరీలు, మోటారు సైకిళ్ళ అద్దములు, ఇవన్నియు పాత సంగతులే. ఇటీవల సైలెన్సరు కూడ ఈ జాబితాలో చేరినది. పొగలోని విషవాయువులను తగ్గించుటకై క్రొత్త బండ్ల పొగగొట్టములో నమర్చు కేటలిటిక్ కన్వర్టరులో ప్లాటినము, పెల్లేడియము, రోడియము అను మిక్కిలి ప్రియమైన లోహములు స్వల్ప పరిమాణమున నుండును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల వలన మోటారు సైకిలు మొదలు లారీ వరకు ఇట్టి పరికరములు సర్వసాధారణమైనవి. అమెరికాలో ఈ దొంగతనము పెచ్చు పెరుగగా అనేక రాష్ట్రములు ప్రత్యేక శాసనములు చేసి శిక్షలు హెచ్చించవలసి వచ్చెను. మన దేశమున కన్వర్టరునకొక చట్టము, బ్యాటరీకొక చట్టము లేదు. అయినను మొత్తముమీద చౌర్యమునకు సంబంధించిన శాసనమే మారినది. ఆ మార్పు పంచాయతీ సభ్యులకు తెలియవలసినంతగా తెలియలేదని మా పర్యటనలలో గమనించుచున్నాము.

1860లో చేయబడి 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారత శిక్షాస్మృతి చౌర్యమునకు మూడు సంవత్సరముల వరకు ఖైదుగాని, జరిమానాగాని, రెండునుగాని విధించినది. మేకను దొంగిలించినను, మోటారు విడిభాగమును దొంగిలించినను శిక్ష ఒక్కటే. నివాసమునకుగాని, ఆస్తిని భద్రపరచుటకుగాని ఉపయోగించు కట్టడమునందు దొంగతనము జరిగినచో మాత్రము ఏడు సంవత్సరముల వరకు పోవచ్చును. అనగా కొట్టములో తాళము వేసియుంచిన ట్రాక్టరు బ్యాటరీకి ఏడేండ్లు, బజారులో వేపచెట్టు క్రింద నిలిపిన ట్రాక్టరు బ్యాటరీకి మూడేండ్లు. ఆ శాసనము వ్రాసినవారి కాలమున మోటారు బండియే లేదు. నూట అరువదేండ్లకు పైబడి ఈ ఏర్పాటు ఇట్లే సాగినది.

2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు పాత స్మృతియే వర్తించును. తరువాతి వాటికి క్రొత్తది. సామాన్య చౌర్యమును గురించిన 303వ సెక్షనులో మూడేండ్ల హద్దు అట్లే యున్నది. కాని అదే నేరమునకు రెండవసారి శిక్షపడువానికి ఒక సంవత్సరమునకు తక్కువకాని, అయిదు సంవత్సరముల వరకు పొడిగింపదగిన కఠిన కారాగార శిక్షయు, జరిమానాయు తప్పవు. అలవాటుపడిన దొంగకు న్యాయాధిపతి కేవలము జరిమానా వేసి విడిచిపెట్టుటకు ఇపుడు వీలులేదు.

మన విషయమునకు ముఖ్యమైనది 305వ సెక్షను. పాత స్మృతిలో ఇంటి దొంగతనమునకే పరిమితమైన ఏడేండ్ల శిక్షను ఇది మరికొన్నింటికి విస్తరించినది. సరుకులనుగాని, ప్రయాణికులనుగాని చేరవేయు వాహనమును దొంగిలించుట, అట్టి వాహనమునుండి ఏదైన వస్తువునుగాని సరుకునుగాని దొంగిలించుట, దేవాలయాది ప్రార్థనా స్థలములనుండి విగ్రహమును దొంగిలించుట, ప్రభుత్వముయొక్కగాని స్థానిక సంస్థయొక్కగాని ఏ ఆస్తినైనను దొంగిలించుట, వీటన్నింటికి ఏడు సంవత్సరముల వరకు ఖైదు, దానికి తోడు జరిమానా.

ఇందులో రెండు మాటలు సభ్యులు శ్రద్ధగా చదువవలయును. మొదటిది "స్థానిక సంస్థ ఆస్తి". గ్రామపంచాయతీ స్థానిక సంస్థ. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద పన్నెండువేలకు పైబడిన గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొను ఏర్పాటు జరిగినది. చెత్త తోలుటకు, చెట్లకు నీరు పోయుటకు ఉపయోగించు ఆ ట్రాక్టరు బ్యాటరీగాని, ట్రాలీ చక్రముగాని, వీధిదీపముగాని, మంచినీటి పథకపు మోటారుగాని పోయినచో అది సామాన్య చౌర్యము కాదు. ఏడేండ్ల శిక్షకు పాత్రమైన నేరము. ఫిర్యాదు వ్రాయునప్పుడు "పంచాయతీకి చెందిన" అను మాట విడువరాదు. చిత్రమేమనగా, తన ఇంటి ముందరి మోటారు సైకిలు అద్దము పోయినచో ఠాణాకు పరుగెత్తు సభ్యుడే పంచాయతీ బ్యాటరీ పోయినచో "బిల్లు పెట్టి క్రొత్తది కొందము" అని ఊరకుండుట కలదు.

రెండవది "సరుకులనుగాని ప్రయాణికులనుగాని చేరవేయు వాహనము". ధాన్యము తోలు ట్రాలీ, పాలు తోలు ఆటో, బడిపిల్లలను చేర్చు బస్సు నిస్సందేహముగా ఇందులోనికి వచ్చును. పొలము దున్నుటకు మాత్రమే వాడు ట్రాక్టరు వచ్చునా? ఇంటివాడు తాను మాత్రమే ఎక్కు మోటారు సైకిలు వచ్చునా? ఇవి న్యాయస్థానములు తేల్చవలసిన ప్రశ్నలు. మనము తీర్పు చెప్పవలసిన పనిలేదు. మనము చేయదగినది ఒక్కటే: బండి ఏ పనికి వాడబడుచున్నదో ఫిర్యాదులో ఉన్నదున్నట్లు వ్రాయించుట. "నా ట్రాక్టరు బ్యాటరీ పోయినది" అనుటకును, "మార్కెట్టు యార్డునకు ధాన్యము తోలు నా ట్రాక్టరు బ్యాటరీ పోయినది" అనుటకును శాసనము దృష్టిలో చాల భేదము గలదు. లేనిది కల్పించి వ్రాయించుట మాత్రము కూడదు. ఎదుటి వకీలు మొట్టమొదట పట్టుకొనునది దానినే.

గుంపుగా చేరి దొంగతనములు చేయువారికి 112వ సెక్షను వేరుగా నున్నది. చిన్నతరహా వ్యవస్థీకృత నేరము అని దానికి పేరు. గుంపునకు చెందినవాడై ఒంటరిగాగాని, కలిసిగాని దొంగతనము చేసినవానికి ఒక సంవత్సరమునకు తగ్గక ఏడు సంవత్సరముల వరకు ఖైదు, జరిమానా. ఈ సెక్షను వివరణలో "వాహనమునుండి దొంగతనము" అను మాట స్పష్టముగా చేర్చబడినది. ఒక రాత్రి ఒక ఊరిలో నాలుగు బ్యాటరీలు, మరునాటి రాత్రి ప్రక్క ఊరిలో మూడు పోయినప్పుడు, ఎవరికి వారు తమ బ్యాటరీని గూర్చి మాత్రమే ఫిర్యాదు చేసి ఊరకుందురు. అవన్నియు ఒకే గుంపు పనియని పోలీసువారికి తెలియుటకు ఆ ఊళ్ళ సర్పంచులు ఒకరితో నొకరు మాటలాడుకొని, తేదీలు, వేళలు, పోయిన వస్తువులు ఒక కాగితముపై వ్రాసి యిచ్చుట మిక్కిలి తోడ్పడును.

శిక్షలు పెరిగినవని గ్రామసభలో చాటుట సులభము. ఆ చాటింపులో సగము సత్యమే యుండును గనుక మిగిలిన సగము కూడ చెప్పుచున్నాము. పోయిన వస్తువు విలువ అయిదువేల రూపాయలకు లోబడియుండి, దొంగకు అదే మొదటిసారి శిక్షయై, వస్తువునుగాని దాని విలువనుగాని అతడు తిరిగి యిచ్చినచో 303వ సెక్షను క్రింద విధింపబడునది సమాజసేవ మాత్రమే. అంతేకాక అయిదువేలకు లోబడిన సామాన్య చౌర్యమున న్యాయాధిపతి ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. ఠాణా పుస్తకములో వ్రాసికొని ఫిర్యాదిని న్యాయాధిపతి యొద్దకు పంపుదురు. "ఠాణాలో కేసు కట్టలేదు" అని వచ్చు ఆక్షేపణలలో కొన్నింటికి కారణము ఉదాసీనత కాదు, ఈ నియమమే.

ఇక వస్తువు విలువ ఇరువదివేల రూపాయలకు మించనప్పుడు చౌర్యపు కేసులను మొదటి తరగతి న్యాయాధిపతులు సంక్షిప్త విచారణ పద్ధతిని విచారింపవలయునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 283వ సెక్షను చెప్పుచున్నది. ఆ పద్ధతిలో మూడు నెలలకు మించి ఖైదు వేయుటకు వీలులేదు. కేసు స్వభావమునుబట్టి సంక్షిప్త విచారణ తగదని తోచినచో న్యాయాధిపతి పూర్తి విచారణకు మరలవచ్చును. కావున బ్యాటరీ దొంగకు ఏడేండ్లు ఖాయమని ఎవరైన సభలో చెప్పినచో అది పొరపాటు. ఇటలీ దేశస్థుడగు బెక్కరియా 1764లోనే శిక్షయొక్క కాఠిన్యముకన్న దాని తప్పనితనమే నేరమును ఎక్కువగా అరికట్టునని వాదించెను. మూడు నెలలైనను తప్పక పడునని తెలిసిన ఊరిలో, ఏడేండ్లు కాగితముమీద నున్న ఊరిలోకన్న బ్యాటరీలు భద్రముగా నుండునని మా అభిప్రాయము.

విలువను గురించి ఇంకొక మాట. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఇంటినుండి నలుబది షిల్లింగుల విలువగల వస్తువు దొంగిలించినవానికి ఉరిశిక్ష. అంతటి శిక్ష వేయుటకు మనసొప్పని జ్యూరీలు ఎంతో విలువైన వస్తువులను గూడ ముప్పదితొమ్మిది షిల్లింగులే చేయునని తీర్మానించుచు వచ్చిరి. శిక్ష మితిమీరినచో మంచివారే అబద్ధమాడవలసి వచ్చునని దీనివలన తెలియుచున్నది. మన గ్రామములలో ఇది రెండు దిక్కుల జరుగును. దొంగ తెలిసినవాని కొడుకైనచో పెద్దలు విలువ తగ్గించి వ్రాయింతురు. పరాయివాడైనచో నాలుగేండ్ల పాత బ్యాటరీకి క్రొత్తదాని వెల వ్రాయింతురు. రెండును తప్పే. కొన్ననాటి రసీదు, కొన్న తేదీ జతపరచి, నేటి స్థితిలో దాని విలువ ఇంతయని నిజాయితీగా వ్రాయుటయే పద్ధతి.

సమాజసేవ అను శిక్షను కొందరు సభ్యులు ఎగతాళి చేయగా వింటిమి. మేము ఏకీభవింపము. మొదటిసారి తప్పుచేసిన పదునెనిమిది, పందొమ్మిదేండ్ల కుర్రవానిని మూడు నెలలు జైలులో ఆరితేరినవారి నడుమ ఉంచుటకన్న, సొత్తు తిరిగి యిప్పించి, జీతము లేకుండ ప్రజోపయోగమైన పని చేయించుట ఊరికి మేలు. ఆ పని ఏదో, ఎన్నాళ్ళో నిర్ణయించునది న్యాయస్థానమేగాని రచ్చబండ కాదు.

ఇంతవరకు దొంగను గూర్చి చెప్పితిమి. అసలు సంగతి కొనువానియొద్ద నున్నది. బ్యాటరీ దొంగ బ్యాటరీని ఇంట దాచుకొనడు. రెండు దినములలో దానిని సొమ్ము చేసికొనును. దొంగసొత్తని తెలిసియుగాని, అట్లు నమ్ముటకు తగిన కారణముండియుగాని దురుద్దేశముతో దానిని తీసికొన్నవానికి న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదు. దాచుటకు, అమ్ముటకు సాయపడినవానికిని అంతే. అలవాటుగా దొంగసొత్తు వ్యాపారము చేయువానికి యావజ్జీవ కారాగారముగాని, పదేండ్ల వరకు ఖైదుగాని, జరిమానాతో సహా విధింపవచ్చును. దొంగకు లేని యావజ్జీవము కొనువానికుండుట ఆశ్చర్యముగా తోచవచ్చును. ఇది పాత స్మృతిలోనుండి వచ్చుచున్న నియమమే. ఒక కొనుగోలుదారు వెనుక ఇరువదిమంది దొంగలుందురని నాటి శాసనకర్తలకును తెలియును.

"నమ్ముటకు తగిన కారణము" అనగా నేమి? రాత్రి పదిగంటలకు ముసుగు వేసికొని వచ్చి, తీగలు కోసిన బ్యాటరీని, రసీదు లేకుండ, సగము వెలకు ఇచ్చుచున్నప్పుడు కొనువానికి అనుమానము కలుగకుండునా? దొంగతనము జరిగిన కొద్దికాలములోనే సొత్తు ఎవనియొద్ద దొరకునో వాడు తనకది ఎట్లు వచ్చినదో చెప్పలేనిచో, వాడు దొంగయనిగాని తెలిసి కొన్నవాడనిగాని న్యాయస్థానము ఊహింపవచ్చునని భారతీయ సాక్ష్య అధినియమము 119వ సెక్షను కూడ చెప్పుచున్నది. ఇంగ్లండు, వేల్సులలో 2013నాటి శాసనముతో తుక్కు లోహము కొనువారు నగదు ఇచ్చుటయే నిషేధింపబడినది. అమ్మువాని పేరు, చిరునామా సరిచూచి వ్రాసికొనవలయును. మనయొద్ద 2021లో వచ్చిన నియమముల ప్రకారము రిజిస్టరైన వాహన తుక్కు కేంద్రములు పూర్తి వాహనములను విప్పుటకు పద్ధతులు ఏర్పడినవి. విడిసామాను కొను చిన్న దుకాణముల మాట అట్లుండలేదు. తన పరిధిలోని పాత ఇనుప దుకాణములవారిచేత అమ్మువాని పేరు, ఊరు, వస్తువు, తేదీ వ్రాయు పుస్తకము పెట్టించుటకు పంచాయతీ ప్రయత్నింపవలయును. తోపుడుబండిపై పాత సామాను కొనుచు పొట్టపోసికొను పేదలందరిని దొంగలుగా చూచుట అన్యాయము. పుస్తకముండుట వారికే రక్ష.

ఇచ్చట పంచాయతీ సభ్యుని విధి వచ్చుచున్నది. ఇది సలహా కాదు, శాసనము. నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను ప్రకారము గ్రామ వ్యవహారములతో సంబంధముగల ప్రతి అధికారి కొన్ని విషయములను వెంటనే సమీప న్యాయాధిపతికిగాని, పోలీసు ఠాణా అధికారికిగాని తెలుపవలయును. దొంగసొత్తును కొనుటయందుగాని అమ్ముటయందుగాని పేరుమోసినవాడు గ్రామమునందుగాని, సమీపమునగాని స్థిరముగానో తాత్కాలికముగానో నివసించుచున్నచో ఆ సంగతి. గ్రామమునగాని సమీపమునగాని బెయిలు హక్కుగా దొరకని నేరము జరిగినచో, జరుగబోవుచున్నదని తెలిసినచో ఆ సంగతి, ఇవి అందు చేరియున్నవి. అయిదువేలకు లోబడినవి తప్ప చౌర్యములు ఇట్టి నేరములే. "గ్రామ వ్యవహారములతో సంబంధముగల అధికారి" అనగా ఎవరు? ఆ సెక్షనుయొక్క వివరణలో మొట్టమొదట చెప్పబడినది గ్రామపంచాయతీ సభ్యుడే. సర్పంచు మాత్రమే కాదు, ప్రతి వార్డు సభ్యుడును.

పూర్వము ఈ భారము గ్రామ మునసబుమీద, తలారిమీద నుండెడిది. కొత్తవాడెవడు ఊరికి వచ్చెను, ఎవని కొట్టములో రాత్రి దీపము వెలుగుచున్నది అను సంగతులు తలారికి తెలియకపోవుట అరుదు. ఆంధ్రప్రదేశములో ఆ వంశపారంపర్య గ్రామాధికార పదవులు 1984లో రద్దైనవి. దానికి పూర్వమే, 1974 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన నేర విచారణ స్మృతి 40వ సెక్షను పంచాయతీ సభ్యునిపై ఈ విధిని మోపియుండెను. క్రొత్త సంహిత దానిని కొనసాగించినది. యాబదేండ్లుగా ఉన్న ఈ విధిని గూర్చి మేము కలిసికొన్న సభ్యులలో విన్నవారు మిక్కిలి తక్కువ. తెలిసియు బుద్ధిపూర్వకముగా సమాచారమీయకుండుట న్యాయ సంహిత 211వ సెక్షను క్రింద నేరము. ఆ సమాచారము ఒక నేరము జరుగుటకు సంబంధించినదైనచో ఆరు నెలల వరకు సాధారణ ఖైదుగాని, పదివేల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. "ఫలానావాని కొట్టులో ఏమి జరుగుచున్నదో ఊరందరికి తెలియును" అని నవ్వుచు చెప్పు సభ్యుడు ఆ మాటతో తన తప్పును తానే ఒప్పుకొనుచున్నాడు.

ఫిర్యాదు చేయు పద్ధతియు ఇపుడు సులభమైనది. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. ఫోను ద్వారా పంపిన ఫిర్యాదుపై మూడు దినములలో పోయి సంతకము చేసినచో చాలును. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా ఈయవలయును. ఠాణాలో తీసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో వ్రాసి పంపవచ్చును, అచ్చటను ఫలితము లేనిచో న్యాయాధిపతిని ఆశ్రయింపవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలో ఫిర్యాదికి తెలుపవలయును. దొరికిన సొత్తు కోర్టు ఆవరణలో తుప్పు పట్టునను భయమున అనేకులు ఫిర్యాదే చేయరు. క్రొత్త సంహిత 497వ సెక్షను ప్రకారము సొత్తు న్యాయస్థానమునకు చేరిన పదునాలుగు దినములలో దాని వివరపట్టిక తయారుచేసి, ఛాయాచిత్రములు తీయించి, పిమ్మట ముప్పది దినములలో దానిని ఎవరికి అప్పగింపవలయునో ఉత్తరువు చేయవలయును. ఛాయాచిత్రమే సాక్ష్యముగా పనికివచ్చును. బ్యాటరీ తిరిగి బండి నెక్కును.

అయితే ఆ బ్యాటరీ నీదే అని ఎట్లు నిరూపింతువు? సగము కేసులు వీగిపోవునది ఇచ్చటనే. బండికి ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య గలవు. విడిసామానుకు అట్టి గుర్తు ఉన్నను యజమాని దానిని వ్రాసికొనడు. బ్యాటరీ గ్యారంటీ కార్డుపైనను, టైరు ప్రక్కగోడపైనను సంఖ్యలుండును. వాటిని ఫోనులో ఛాయాచిత్రము తీసియుంచుటకు రెండు నిమిషములు పట్టును. సంఖ్య లేనిదానిపై ఉలితోనో, కాలిన సూదితోనో ఒక గుర్తు చెక్కవచ్చును. పంచాయతీ ఆస్తుల విషయమున కార్యదర్శి నిల్వ రిజిస్టరులో ఈ సంఖ్యలు వ్రాసినచో అది ప్రభుత్వ రికార్డు. దానిని కాదనుట ఎదుటివారికి కష్టము.

దొంగను పట్టుకొనుటను గూర్చి హెచ్చరింపవలసియున్నది. తన యెదుట ఇట్టి నేరము చేయుచున్నవానిని ఏ పౌరుడైనను పట్టుకొనవచ్చును. కాని ఆలస్యము చేయక, ఎట్టి పరిస్థితిలోను ఆరు గంటలలోపల, పోలీసులకు అప్పగింపవలయును. "తన యెదుట" అను మాట ముఖ్యము. అనుమానముమీద ఇంటినుండి ఈడ్చుకొనివచ్చుట, కట్టివేయుట, కొట్టుట, రచ్చబండపై తప్పు వేయుట, ఇవన్నియు నేరములు. చేసినవాడు పంచాయతీ సభ్యుడైనంత మాత్రమున క్షమింపబడడు.

కొంతకాలము క్రిందట పర్యటనలో నేనొక గ్రామమునకు పోయియుంటిని. పంచాయతీ ట్రాక్టరు బ్యాటరీ పోయి పదకొండు దినములైనది. చెత్త ఎక్కడిదక్కడ కుళ్ళుచున్నది. అంతకు పూర్వము మెకానిక్కు షెడ్డులో పనిచేసి మానిన ఒక కుర్రవానిపై అనుమానము పడినది. వాడు బండి విప్పుట నేర్చినవాడు, చేతిలో పనిలేనివాడు. అంతకుమించి ఆధారము లేదు. ఠాణాకు పోవుట ఎందుకని పెద్దలు వానిని స్తంభమునకు కట్టి కొట్టించిరి. తల్లిపై పదివేలు తప్పు వేసిరి. ఆమె చెవుల దిద్దులు తాకట్టుపెట్టి తెచ్చి యిచ్చెను. ఆ రాత్రియే కుర్రవాడు ఊరు విడిచెను.

ఫిర్యాదు చేయవలసినదని చెప్పి వచ్చితిని, చేసిరి. మూడు వారములకు ప్రక్క మండలమున ఒక పాత ఇనుప దుకాణములో పోలీసులు అయిదు బ్యాటరీలు పట్టుకొనిరి. వాటిలో ఒకదాని అడుగున ట్రాక్టరు డ్రైవరు తన చేతితో చెక్కిన ఊరిపేరు మొదటి అక్షరమున్నది. సంఖ్యను గుర్తించినది కార్యదర్శి కాదు, రిజిస్టరు కాదు, ఆ డ్రైవరు చెక్కిన అక్షరమే. దుకాణదారుడు అమ్మినవారి పేర్లు చెప్పెను. వారు మువ్వురును వేరే ఊరివారు. ఆ కుర్రవానితో వారికి ఎట్టి సంబంధమును లేదు.

తరువాతి సంవత్సరము మరల ఆ గ్రామమునకు పోగా కార్యదర్శి నిల్వ రిజిస్టరు తెచ్చి చూపెను. బ్యాటరీ, రెండు ట్రాలీ టైర్లు, నీటి మోటారు, అన్నింటి సంఖ్యలు ఎఱ్ఱ సిరాతో వ్రాసియున్నవి. తల్లికి పదివేలు తిరిగి యిచ్చినట్లు గ్రామసభ తీర్మానమును గూడ చూపెను. కుర్రవాని సంగతి అడిగితిని. హైదరాబాదులో ఏదో షెడ్డులో చేరినాడనియు, పండుగలకు గూడ రాలేదనియు చెప్పెను.